పసుపు విమానం కేసు

అమెరికా వెళ్లొచ్చిన వాళ్లని ఎవరైనా ముందు అడిగేది నయాగరా చూశారా అనే. చూశాం. తడిశాం కూడా. ఇంకేం చూశారని అడిగితే మాత్రం ‘కోర్టు చూశాను’ అంటాను. వెంటనే అవతలివాళ్ల మొహం మారిపోతుంది. ‘అయ్యో, పిల్లలు బాగానే ఉన్నారా? ఎవరి మీద కేసు?’ అని గొంతు తగ్గించి అడుగుతారు. మా వాళ్ల మీద కాదండీ బాబూ! అమెరికా ప్రభుత్వం రెండు విమాన కంపెనీల మీద వేసిన కేసు. ఆ రెండూ ఒకటవుతామంటే ప్రభుత్వం అడ్డుపడింది. ఎందుకయ్యా అంటే, మా చిన్నాడి లాంటివాళ్లు కొనుక్కునే చౌక టికెట్టు కోసం.

2023 సెప్టెంబరులో మా అమ్మాయి పురిటికని నేనూ మావారూ బోస్టన్ వెళ్లాం. అమ్మాయీ అల్లుడూ ఉండేది పక్కనే ఉన్న క్విన్సీలో. చిన్నాడు ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర. రెండు ఊళ్ల మధ్య దాదాపు 2000 కిలోమీటర్లు. మా తెనాలి నుంచి శ్రీనగర్ వెళ్లినంత. అయినా వాడు మేనకోడల్ని చూసే వంకతో నెలకోసారి వచ్చి వాలేవాడు. శుక్రవారం రాత్రి దిగడం, ఆదివారం సాయంత్రం వెళ్లిపోవడం. ఎమ్మెస్ కోసం తీసుకున్న అప్పు ఇంకా తీరలేదు. అలాంటివాడు ఇన్నిసార్లు ఎలా వస్తున్నాడా అని నాకు లోపల బెంగ. ఒకసారి నిలదీస్తే ఫోను తీసి టికెట్టు చూపించాడు. రానూపోనూ కలిపి 90 డాలర్ల లోపే. క్విన్సీ నుంచి ఊళ్లోకి రెండుసార్లు టాక్సీలో వెళ్లొస్తే అంతకంటే ఎక్కువవుతుంది!

ఆ టికెట్టు స్పిరిట్ ఎయిర్‌లైన్స్ వాళ్లది. పసుపుపచ్చగా, పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టుండే విమానాలు. అమెరికాలో ఈ కంపెనీ మీద ఉన్నన్ని జోకులు ఇంకే కంపెనీ మీదా ఉండవట. టీవీల్లో రాత్రిపూట నవ్వించేవాళ్లకి అది నిత్యాన్నదానం లాంటిది. కారణం ఏమిటంటే, అప్పట్లో అక్కడ టికెట్టు అంటే ఒట్టి సీటే. మన టిఫిన్ సెంటర్లో ఇడ్లీకి ఒక రేటు, సాంబారుకి ఒక రేటు, కూర్చుని తింటే ఇంకో రేటు అన్నట్టు. పెట్టెకి డబ్బులు, కోరుకున్న సీటుకి డబ్బులు, మంచినీళ్ల సీసాకీ డబ్బులే. తలమీది అరలో పెట్టుకునే చేతిసంచికి కూడా డబ్బు తీసుకోవడం ఆ దేశంలో 2010లో వాళ్లే మొదలుపెట్టారు. అప్పట్లో ఉచితంగా తీసుకెళ్లగలిగింది ముందు సీటు కిందికి దూరే ఒక చిన్న సంచి మాత్రమే. 18 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 8 మందం. ఈ కొలతలు నాకు ఎలా తెలుసంటారా? ఆ సంచిలో బట్టలు పోగా ఎన్ని సున్నుండలు పడతాయో ప్రతి నెలా లెక్కేసి సర్దింది నేనే కదా!

అక్టోబరు చివర్లో ఒకరోజు అల్లుడు టీవీ చూస్తూ ‘అత్తయ్యగారూ, మీ అబ్బాయి విమానం కేసు మన ఊళ్లోనే నడుస్తోంది’ అన్నాడు. అలా మొదలైంది.

కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 2022 ఫిబ్రవరిలో స్పిరిట్‌కి మొదట కుదిరిన సంబంధం ఫ్రంటియర్. అదీ ఇలాంటి చౌక కంపెనీయే. 290 కోట్ల డాలర్ల ఒప్పందం. ఇద్దరిదీ ఒకటే తీరు, ఒకటే అంతస్తు. ఏప్రిల్‌లో జెట్‌బ్లూ మధ్యలో దూరింది. నేను అంతకంటే ఎక్కువిస్తానంది. స్పిరిట్ పెద్దలు మొదట ఒప్పుకోలేదు. వాళ్లు చెప్పిన కారణం గమనించదగ్గది: జెట్‌బ్లూతో కలిస్తే ప్రభుత్వం ఒప్పుకోదు, ఈ బేరం ముందుకు సాగదు అని. ఆ మాట తమ వాటాదారులకి బహిరంగంగానే రాశారు. అయినా డబ్బు డబ్బే కదా! వాటాదారులు పెద్ద రేటు వైపు మొగ్గారు. జులై చివర్లో 380 కోట్ల డాలర్లకి జెట్‌బ్లూతోనే ఖాయమైంది. 2023 మార్చిలో ప్రభుత్వ న్యాయశాఖ కోర్టుకెక్కింది. ఏది జరగదని స్పిరిట్ ముందే చెప్పిందో, అది జరిగి తీరాలని కోర్టులో వాదించాల్సిన పని కూడా చివరికి స్పిరిట్ లాయర్ల మీదే పడింది.

ఇందులో నాకు తమాషా అనిపించిన సంగతి ఇంకొకటుంది. మా అమ్మాయి ఉండే మసాచుసెట్స్ రాష్ట్రం కేంద్ర ప్రభుత్వంతో కలిసి కేసు వేసింది. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటివి ఇంకో ఐదు రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ కూడా ఆ పక్కనే చేరాయి. మా అబ్బాయి ఉండే ఫ్లోరిడా మాత్రం, మా దగ్గర విమానాలు పెంచుతామని జెట్‌బ్లూ మాటిచ్చాక సరేనని తప్పుకుంది. అక్క రాష్ట్రం ఒక పక్క, తమ్ముడి రాష్ట్రం ఇంకో పక్క. ఇంట్లో మాత్రం తిరగబడి ఉండేది. బోస్టన్ అల్లుడు కలవనివ్వాలంటాడు, ఫ్లోరిడా అబ్బాయి కలవనివ్వకూడదంటాడు.

అల్లుడి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అమెరికాలో దేశీయ విమాన ప్రయాణాల్లో దాదాపు 80 శాతం నాలుగు కంపెనీల చేతుల్లో ఉంది. అమెరికన్, డెల్టా, యునైటెడ్, సౌత్‌వెస్ట్. జెట్‌బ్లూ, స్పిరిట్ కలిస్తే దాదాపు 10 శాతం వాటాతో ఐదోది అవుతుంది. ‘నలుగురు పహిల్వాన్లు ఉన్న బరిలోకి ఇద్దరు బక్కవాళ్లు విడివిడిగా దిగి ఏం చేస్తారు అత్తయ్యగారూ? కలిస్తేనే కదా తట్టుకునేది’ అనేవాడు. జెట్‌బ్లూ కూడా కోర్టులో చెప్పింది ఇంచుమించు ఇదే. పైగా ఆ కంపెనీకి మంచి పేరుంది. 2000లో మొదలైనప్పటి నుంచీ ప్రతి సీటుకీ టీవీ, తినడానికి ఏదో ఒకటి, అడుగుపెట్టిన చోటల్లా మిగతావాళ్ల రేట్లు తగ్గించిన చరిత్ర.

చిన్నాడి వాదన ఒకటే మాట. ‘బావా, వాళ్లు స్పిరిట్‌ని కొనేది నడపడానికి కాదు, లేకుండా చేయడానికి.’

నిజానికి ప్రభుత్వం కేసూ అదే. కొన్నాక పసుపు విమానాలన్నిటికీ నీలం రంగు వేస్తారు. ఒక్కో విమానంలోంచి 10 నుంచి 15 శాతం సీట్లు పీకేసి, కాళ్లు చాపుకోవడానికి జాగా చేస్తారు. వినడానికి బాగానే ఉంది. కానీ సీట్లు తగ్గితే మిగిలిన సీటు ధర పెరుగుతుంది. స్పిరిట్ ఒక ఊరికి విమానం మొదలుపెడితే ఆ దారిలో సగటు టికెట్టు ధర 17 శాతం తగ్గుతుందని స్పిరిట్ సొంత కాగితాల్లోనే ఉంది. స్పిరిట్ మానేస్తే 30 శాతం పెరుగుతుందని జెట్‌బ్లూ కాగితాల్లో ఉంది. ప్రభుత్వం ఈ రెండూ బయటపెట్టింది. అంటే స్పిరిట్ ఎక్కనివాడికి కూడా స్పిరిట్ వల్ల లాభమే. పక్క దుకాణం వాడు ఉల్లిపాయలు చౌకగా అమ్ముతుంటే మన దుకాణం వాడూ తగ్గిస్తాడు కదా, అలాగన్నమాట.

డిసెంబరు 5న వాదనలు ముగుస్తాయని తెలిసి, చూస్తానని పట్టుబట్టాను. అక్కడ కోర్టుకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చట. అల్లుడి ఆఫీసు ఆ దగ్గర్లోనే కాబట్టి పొద్దున్నే దింపాడు. పాపాయిని మావారికి అప్పగించాను. ఆ భవనం పేరు మోక్లీ కోర్టు. బోస్టన్ రేవు ఒడ్డున ఎర్ర ఇటుకతో కట్టారు, నీళ్లవైపు మాత్రం అంతస్తుల ఎత్తున ఒకటే అద్దాల గోడ. మన కోర్టు ఆవరణలో కనిపించే టైపు మిషన్లూ, చెట్ల కింద నల్లకోట్లూ, టీ బండీ ఏవీ లేవు. ఏదో లైబ్రరీకి వచ్చినట్టుంది.

జ్యూరీ లేదు. తీర్పు చెప్పేది జడ్జి ఒక్కరే. పేరు విలియం యంగ్. 1985లో రీగన్ నియమించిన మనిషి. ఈ లాయర్లూ ఆ లాయర్లూ తెరమీద పటాలూ అంకెలూ చూపిస్తూ మాట్లాడారు. నాకు అర్థమైంది సగమే. ఆ సగంలోనూ ఎక్కువ భాగం సాయంత్రం ఇంటికొచ్చాక చిన్నాడు ఫోనులో విడమరిచి చెప్పాక అర్థమైంది. కానీ ఒకటి మాత్రం అక్కడే బోధపడింది. అందరూ మాటిమాటికీ ‘మార్కెట్’ అంటున్నారు. దేశమంతా కలిపి ఒక మార్కెట్ అని కాదు వాళ్ల ఉద్దేశం. రెండు ఊళ్ల మధ్య ఉన్న ఒక్కో దారీ ఒక్కో బజారే. బోస్టన్ నుంచి మయామీ వెళ్లాల్సినవాడికి షికాగో నుంచి డెన్వర్‌కి చౌక విమానం ఉంటే ఏం ఉపయోగం? వాడి బజారు వాడిదే. ఆ బజార్లో దుకాణాలు ఎన్నున్నాయి, ఈ విలీనం తర్వాత ఎన్ని మిగులుతాయి అన్నదే లెక్క.

ఇంకో సంగతి చట్టంలోని మాట. 1914 నాటి క్లేటన్ చట్టం అది. కంపెనీలు కలిశాక ధరలు పెరిగాయని రుజువు చేయాల్సిన పనిలేదు. పోటీ బాగా తగ్గిపోయే అవకాశం ఉందని చూపిస్తే చాలు. పాలు పొంగకముందే పొయ్యి కట్టేయమంటుంది ఆ చట్టం.

నేను ఆంధ్రా బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన దాన్ని. మా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ బోర్డు మార్చిన రోజు మా పాత వాళ్లందరం ఫోన్లు చేసుకుని పుట్టిల్లు అమ్మేసినట్టు మాట్లాడుకున్నాం. కానీ మా బెంగంతా పేరు గురించే. కలిస్తే ఖాతాదారుడికి ఏమవుతుంది, ఒకే వీధిలో ఇద్దరు పోటీపడి లోను ఇచ్చే చోట ఒక్కరే మిగిలితే వడ్డీ ఏమవుతుంది అని మాలో ఎవరం మాట్లాడుకోలేదు. అక్కడ మాత్రం పగలంతా పెద్ద పెద్ద లాయర్లు కూర్చుని ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగారు: ధర చూసి టికెట్టు కొనేవాడి గతేమిటి? ఆ మనిషి ఆ హాల్లో లేడు. బహుశా ఏ గిడ్డంగిలోనో డ్యూటీలో ఉండి ఉంటాడు. వాడి తరఫున ఇంత తతంగం.

ఎప్పుడూ ఇలా ఉండేదేమో అనుకునేరు. లేదు. అమెరికాలో 1978 దాకా విమానం ఎక్కడికి వెళ్లాలో, టికెట్టు ఎంతో అన్నీ ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది పగ్గాలు వదిలేసింది. కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, ధరలు తగ్గాయి. తర్వాత పెద్దవి చిన్నవాటిని మింగడం మొదలైంది. 1986లో టీడబ్ల్యూఏ వచ్చి ఓజార్క్‌ని కొనేసింది. రెండింటికీ ప్రధాన స్థావరం సెయింట్ లూయిస్ నగరమే! అదే ఏడాది నార్త్‌వెస్ట్, రిపబ్లిక్ కలిశాయి. వాటిదీ మినియాపోలిస్‌లో అదే పరిస్థితి. న్యాయశాఖ వద్దు మొర్రో అంది. కానీ అప్పట్లో అనుమతిచ్చే అధికారం రవాణాశాఖది. అది రెండింటికీ తలూపింది. 1989 నుంచి ఆ అధికారం న్యాయశాఖకి వచ్చింది.

అప్పటి నుంచీ ఆ శాఖ తీరు ఒక్కోసారి పులి, ఒక్కోసారి పిల్లి. కాంటినెంటల్‌ని నార్త్‌వెస్ట్ గుప్పిట్లో పెట్టుకుంటుంటే 1998లో కేసు వేసింది. 2000లో విచారణ నడుస్తుండగానే నార్త్‌వెస్ట్ రాజీకొచ్చి వాటా వదులుకుంది. యునైటెడ్ వచ్చి యూఎస్ ఎయిర్‌వేస్‌ని కొంటానంటే 2001లో కేసు వేస్తామని హెచ్చరించేసరికే ఆ బేరం మానుకున్నారు. ఆ తర్వాత 2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ కలిస్తే ఒక్క షరతు కూడా పెట్టకుండా సరేనంది. హబ్బులేవీ మూయబోమని అప్పట్లో కంపెనీ చెప్పింది. 2013లో మెంఫిస్ హబ్ మూతపడింది. ఒకప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌కి నేరుగా విమానం ఉన్న ఊరు అది! యునైటెడ్, కాంటినెంటల్ 2010లో కలిశాయి. 2014లో క్లీవ్‌లాండ్ హబ్ తీసేశారు.

2013లో అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ కలుస్తామన్నప్పుడు న్యాయశాఖ మళ్లీ పులి అయింది. ఆగస్టులో కేసు వేసింది. నవంబరులో రాజీ పడింది! వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయంలో 104 స్లాట్లు, న్యూయార్క్ లగార్డియాలో 34 స్లాట్లు వదులుకుంటే చాలంది. స్లాటు అంటే ఒక విమానం ఎగరడానికో దిగడానికో ఇచ్చే వేళ. రద్దీగా ఉండే విమానాశ్రయంలో అది బస్టాండు ముందు దుకాణం లాంటిది. రీగన్‌లో ఆ దుకాణాలు దక్కించుకున్న వాళ్లలో జెట్‌బ్లూ ఒకటి. ఆనాడు చిన్నదానివి, పోటీకి నిలబడు అని ప్రభుత్వం చేయి అందించిన కంపెనీయే పదేళ్ల తర్వాత బోస్టన్‌లో బోనెక్కింది. అదీ ఒక్కసారి కాదు. అమెరికన్‌తో కలిసి న్యూయార్క్, బోస్టన్‌లలో ఉమ్మడిగా విమానాలు నడుపుకునే ఒప్పందం పెట్టుకుంటే, 2023 మే నెలలో అదే మోక్లీ కోర్టులో ఇంకో జడ్జి అది చెల్లదన్నారు.

మన దగ్గర సంగతి వేరు. ఈ పేజీ చదివే చాలామందికి ఎయిర్ దక్కన్ గుర్తుండే ఉంటుంది. 2003లో హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానం తిప్పిన కంపెనీ. రూపాయి టికెట్టు అంటే నవ్వుకుంటూనే క్యూ కట్టాం. 2007లో దాన్ని కింగ్‌ఫిషర్ తీసుకుంది. సహారాని జెట్ తీసుకుంది. పోటీ తగ్గుతుందేమో చూసి చెప్పమని కాంపిటీషన్ కమిషన్‌ని అడగాల్సిన పనే అప్పుడు లేదు. విలీనాల మీద మన చట్టంలోని సెక్షన్లు 2011 జూన్‌లో కానీ అమల్లోకి రాలేదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో నేలకి దిగిపోయాయి. తర్వాత విస్తారా, ఎయిరిండియా విలీనం వచ్చేసరికి కమిషన్ ప్రశ్నలు వేసి, కంపెనీల దగ్గర హామీలు తీసుకుని 2023 సెప్టెంబరులో అనుమతిచ్చింది. కేసులూ కోర్టులూ అయితే లేవు.

మళ్లీ బోస్టన్‌కి వద్దాం. తీర్పు 2024 జనవరి 16న వచ్చింది. ఆ రోజు కనుమ. కనుమ నాడు మినుము తినాలి కదా, అక్కడి కరెంటు పొయ్యి మీద గారెలు వేస్తున్నాను. చిన్నాడు ఫోను. ‘అమ్మా, గెలిచాం!’ అన్నాడు. వాడేదో లాయరైనట్టు! కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ కంపెనీలు రెండూ కూడా ఎక్కడివక్కడే ఆగిపోయాయి. స్పిరిట్ షేరు ఆ ఒక్కరోజే దాదాపు సగానికి పడిపోయింది.

తీర్పు 109 పేజీలు. విచిత్రం ఏమిటంటే ఆ చట్టం వయసు కూడా 109 ఏళ్లే. జడ్జిగారు జెట్‌బ్లూ మాట కొట్టిపారేయలేదు. రెండూ కలిస్తే పెద్ద కంపెనీలకి గట్టి పోటీ ఇవ్వగలవని ఒప్పుకున్నారు. అంటే మా అల్లుడు చెప్పిందీ నిజమే. కానీ ఆ మేలు ఒకరికి, కీడు ఇంకొకరికి. కాస్త ఎక్కువిచ్చి సుఖంగా వెళ్లేవాడికి మేలు. ఉన్నదాంట్లో అతి తక్కువ ధర చూసుకుని ఎక్కేవాడికి ఇక దారే ఉండదు. ఒకరికి జరిగే మేలు చూపించి ఇంకొకరి నష్టాన్ని చెల్లు వేయడానికి చట్టం ఒప్పుకోదన్నారు. బోస్టన్‌లో, న్యూయార్క్‌లో స్పిరిట్ గేట్లూ స్లాట్లూ అలీజియంట్, ఫ్రంటియర్‌లకి ఇచ్చేస్తామని జెట్‌బ్లూ చెప్పిన మాట కూడా సరిపోదన్నారు. ఆ కంపెనీలు స్పిరిట్ వదిలిన దారులన్నిట్లో తిరుగుతాయన్న పూచీ ఏముంది?

చివరి పేజీ చిన్నాడు ఫోనులో చదివి వినిపించాడు. స్పిరిట్ చిన్న కంపెనీయేనని, కానీ దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారని, ఈ తీర్పు వాళ్ల కోసమని రాశారు జడ్జి. దాదాపు 200 ఏళ్ల కిందట డేనియల్ వెబ్‌స్టర్ అనే లాయరు సుప్రీంకోర్టులో డార్ట్‌మత్ కాలేజీ తరఫున అన్న మాటని గుర్తుచేసేలా రాశారట. దేశమంతా జోకులేసుకునే పసుపు విమానం గురించి ఒక జడ్జి అంత ఆప్యాయంగా రాశారంటే నాకు ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి. నూనె పొగ అని అమ్మాయితో అన్నాను.

మార్చి 4న పెళ్లి రద్దయినట్టు రెండు కంపెనీలూ ప్రకటించాయి. జెట్‌బ్లూ 6 కోట్ల 90 లక్షల డాలర్లు స్పిరిట్‌కి కట్టి తప్పుకుంది. మేం ఏప్రిల్‌లో తెనాలి వచ్చేశాం.

కథ అక్కడ ఆగితే బాగుండేది. స్పిరిట్ అప్పులు తీరలేదు. కొత్త విమానాల ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలో లోపం బయటపడి, తనిఖీల కోసం ఎన్నో విమానాలు నేలమీదే ఉండిపోయాయి. 2024 నవంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. మొదటి సంబంధం వాళ్లు, ఆ ఫ్రంటియర్ వాళ్లే, 2025 జనవరిలో మళ్లీ కబురు పెట్టారు. కుదరలేదు. మార్చిలో దివాలా నుంచి బయటపడి, ఆగస్టు చివర్లో మళ్లీ అదే గుమ్మం ఎక్కింది.

ఆ రోజు అల్లుడు ఫోను చేశాడు. ‘చూశారా అత్తయ్యగారూ! కలవనిచ్చి ఉంటే ఆ ఉద్యోగులైనా బతికేవాళ్లు. మీ జడ్జిగారు కాపాడింది ఎవర్ని?’ అన్నాడు. మంచి ప్రశ్నే. రెండు రోజులు నా బుర్ర తొలిచింది. ఉద్యోగం పోయిన పైలట్లూ, ఎయిర్ హోస్టెస్‌లూ కూడా ఎవరో ఒకరి పిల్లలే కదా.

కానీ బ్యాంకులో లోన్లు చూసిన దాన్ని. అల్లుడికి నేను చెప్పింది ఇదీ. కొంటానన్న జెట్‌బ్లూ పరిస్థితి ఏమంత గొప్పగా ఉందని? 2020 నుంచి 2024 దాకా ఒక్క ఏడాదీ దానికి లాభం లేదు. అప్పు తెచ్చి కొనే బేరం అది. నష్టాల్లో ఉన్నవాడు అప్పుచేసి నష్టాల్లో ఉన్న ఇంకొకడిని కొంటే, నా టేబుల్ మీదికి వచ్చిన ఫైలైతే నేను సంతకం పెట్టను. ఇంజన్ల గొడవ పెళ్లయినా తప్పేది కాదు. పైగా స్పిరిట్‌ని దెబ్బతీసింది కోర్టు కాదు, పెద్ద కంపెనీలు. డెల్టా 2012 ప్రాంతంలో, యునైటెడ్, అమెరికన్ 2017లో ‘బేసిక్ ఎకానమీ’ అని అచ్చం స్పిరిట్ మార్కు టికెట్లు మొదలుపెట్టాయి. చౌక సీటు ముందుపెట్టి మనిషిని లోపలికి పిలవడం స్పిరిట్ దగ్గర నేర్చుకుని, స్పిరిట్‌కే పోటీ పెట్టారు. జడ్జి ముందున్న ప్రశ్న స్పిరిట్ నూరేళ్లు బతుకుతుందా అని కాదు. జెట్‌బ్లూ చేతిలో దాన్ని కనుమరుగు కానివ్వాలా వద్దా అని. మొదట కుదిరిన ఫ్రంటియర్ సంబంధాన్ని కాదని ఎక్కువ డబ్బుకి ఆశపడింది వాటాదారులు. ఆ తప్పు తీసుకెళ్లి తీర్పు మీద రాయడం నాకు నచ్చలేదు.

అల్లుడు ఒప్పుకోలేదు. ‘మీరు చిన్నాడి పక్షం’ అన్నాడు. కావచ్చు. మావారు మాత్రం పేపరు లోంచి తలెత్తకుండా ‘ఇద్దరూ అప్పీలుకి వెళ్లండి’ అన్నారు.

ఆ ఏడాది దసరాకి చిన్నాడు మళ్లీ బోస్టన్ వెళ్లాడు. పాపకి అప్పటికి రెండేళ్లు నిండాయి, మామయ్యని చూడగానే గుమ్మం దాకా పరిగెత్తిందట. వీడియో కాల్‌లో వాడు దాన్ని ఎత్తుకుని చూపిస్తుంటే ఏ విమానంలో వచ్చావని నేను అడగలేదు. టికెట్టు ఎంతయిందని అడిగాను.

‘ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా’ అని ఫోను అక్క చేతికిచ్చాడు.